కప్పు మీద పొగ

ఆగస్టు మొదటి ఆదివారం మధ్యాహ్నం రెండుంపావుకి దోసిండా రియాల్ ఎవరిదో వెండిరంగు కారు డిక్కీ తెరిచి అందులో ఒక ఇనప పళ్ళెం పెట్టింది. పళ్ళెంలో నీళ్ళోడుతున్న బొగ్గులు, వాటి మీద సగం కాలిన సార్డీన్ చేపలు పన్నెండు.

చేపలాయన పరిగెత్తుకొచ్చాడు. విగో నగరం మనిషి. నెత్తిన గడ్డి టోపీ, చేతిలో పట్టకారు.

"ఏంటమ్మా ఇది? నా కారు అది."

"తెలుసు. అందుకే అందులో పెట్టాను."

"కొత్త కారు."

"అవీ కొత్తవే," అని దోసిండా పచ్చిక అంచున భుజమెత్తు పెరిగిన ఓక్ మొక్కల వరస చూపించింది. "నీ కారుకి ఎన్నేళ్ళు? రెండా? వాటికి తొమ్మిది."

"నిప్పు పెట్టొద్దన్న బోర్డు చూళ్ళేదు."

"చూశావు. టవలు ఆరేసింది దాని మీదే."

పక్క బల్ల దగ్గర పేకాడుతున్న ముసలాళ్ళు ముక్కలు దించి వినడం మొదలుపెట్టారు. టోపీ ఆయన గొంతు పెంచాడు. ఇది పార్కు, పార్కంటే అందరిదీ, నేను పన్ను కడుతున్నాను అన్నాడు.

"ఇది పార్కని నీకెవరు చెప్పారు? లమెయిరా ఇళ్ళవాళ్ళ కొండ ఇది. నిన్ను రమ్మన్నాం. నీడన కూర్చోమన్నాం. మా ఊట నీళ్ళు తాగమన్నాం. ఎండాకాలం నిప్పుని మాత్రం రమ్మనలేదు."

ఆయన భార్య "నే చెబితే విన్నావా?" అని మొగుణ్ణి ఒక మాట అని, బుట్టలోంచి ట్యూనా కూరిన రొట్టె ముక్క తీసి దోసిండా చేతిలో పెట్టింది. దోసిండా తింది. ఉల్లిపాయ కాస్త తక్కువైందని చెప్పి, బకెట్టు తీసుకుని తర్వాతి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

లమెయిరా కొండ నెత్తిన పన్నెండెకరాల చదును నేల ఉంది. దాన్ని చాన్ అంటారు. ఆదివారాలు విగోలోని ఇరుకు ఫ్లాట్లలోంచి జనం దుప్పట్లు, బుట్టలు, కుక్కలు, నానమ్మలతో సహా అక్కడికి ఎక్కుతారు. అక్కణ్ణించి సముద్రపు పాయ, దీవులు, రేవులో నిలబడ్డ ఓడలు కనిపిస్తాయి. బల్లలు ముప్ఫై, ఊట ఒకటి, మరుగుదొడ్లు రెండు. వీటన్నిటినీ చూసుకునేది నలుగురు మనుషుల దండు. అందులో పెద్దది దోసిండా.

ఆ కొండ ప్రభుత్వానిది కాదు. ఏ ఒక్కరిదీ కాదు. ఊళ్ళోని నూట ముప్ఫై ఐదు ఇళ్ళది. అమ్మడానికి లేదు, పంచుకోడానికి లేదు, పిల్లల పేర రాయడానికి లేదు. ఊళ్ళో తలుపు తెరిచి, పొయ్యి వెలిగించి, కప్పు మీద పొగ కనిపించినన్నాళ్ళూ ఆ ఇంటికి కొండ మీద హక్కు ఉంటుంది, సభలో ఒక ఓటు ఉంటుంది. తాళం వేసి నగరానికి పోతే అదీ పోతుంది. తిరిగొచ్చి పొయ్యి రాజేస్తే మళ్ళీ వస్తుంది. ఈ పద్ధతి ఎప్పటిదో ఎవరికీ తెలియదు. కాగితం మీద రాసుకున్నది మాత్రం నలభై ఏళ్ళ కిందట.

దోసిండాకి అరవై ఒకటి. ఆమె చిన్నప్పుడు, దేశాన్నేలిన నియంత ఇంకా బతికున్న రోజుల్లో, కొండ సర్కారు చేతిలో ఉండేది. సర్కారు దాన్నిండా పైన్ చెట్లూ జామాయిలూ వరసలుగా నాటించి, కాపలాకి గార్డుల్ని పెట్టింది. దోసిండా తల్లి మేకలు రెండు ఆ వరసల్లో దూరాయి. జరిమానా కట్టమన్నారు. మా కొండ మీద మా మేకలు మేస్తే జరిమానా ఏంటి అని ఆవిడ కట్టలేదు. మూడు రోజులు లాకప్పులో కూర్చుని వచ్చింది. వచ్చాక మేకల్ని మళ్ళీ అక్కడికే తోలింది.

పదహారో ఏట దోసిండా విగోలో చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో చేరింది. ఇరవై ఏడేళ్ళు అక్కడే. మొగుడు అమారో దక్షిణాన చేపలు పట్టే ఓడ మీద పనిచేసేవాడు. ఒక ఏడాది లాస్ పాల్మాస్ రేవులో దిగి, అక్కడే ఇంకొకావిడతో ఉండిపోయాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. నలభై మూడేళ్ళ వయసులో ఆమె కొండ దండులో చేరింది. పొదలు కోసే మిషను భుజాన తగిలించుకున్న మొదటి ఆడమనిషి ఆమే. మొదటి వారం మగవాళ్ళు నవ్వారు. రెండో వారం ఆమె కోసిన దారిలో నడిచారు.

పదేళ్ళ కిందట ఒక అక్టోబరు రోజున కొండ అంటుకుంది. నాలుగు గంటల్లో నెత్తి నుంచి ఊరి చివరి గోడ దాకా కాలిపోయింది. మరుసటి వసంతానికి ఆ బూడిదలోంచి జామాయిల్ మొక్కలు గడ్డిలా లేచాయి. ఆ చెట్టుకి నిప్పు మేలే చేస్తుంది, కాలాకే గింజ రాలుతుంది. చాన్ మీద ఇక ఆ చెట్టు ఉండకూడదని సభ తీర్మానించింది. మందు కొట్టడానికి లేదు, కింద ఊట ఉంది. చేత్తో పీకాలి. వాన వెలిసిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, మొక్కని మెడ దగ్గర పట్టుకుని సగం తిప్పి లాగాలి. నేరుగా లాగితే తెగి, మొదలు నేలలో ఉండిపోయి, రెండింతలుగా చిగురిస్తుంది. ఈ తిప్పుడు దండులో మిగతావాళ్ళకి నేర్పింది దోసిండానే. జామాయిల్ పీకిన చోటల్లా ఓక్, చెస్ట్‌నట్ పెట్టారు. నాటిన వాటిలో మూడోవంతు బతికాయి. చేపలాయనకి ఆమె చూపించినవి అవే.

ఇప్పుడు ఆ చాన్‌ని ముప్ఫై ఏళ్ళకి లీజుకి అడుగుతూ ఒక కంపెనీ వచ్చింది. ఉక్కు స్తంభాలు పాతి, తీగలు కట్టి, మనుషుల్ని గాల్లో జారించే ఆటలు పెడతారట. చుట్టూ కంచె, ద్వారం దగ్గర టికెట్టు. ఓక్ మొక్కలున్న చోట మూడొందల కార్లకి పార్కింగు. కొండని చూసే ఇళ్ళవాళ్ళ సంఘం అధ్యక్షుడు సెకుందినో దీనికి అనుకూలం. ఊరికి డాక్టరు గది కావాలి, కొత్త నీటి గొట్టం కావాలి, ఇవన్నీ పచ్చిక ఇస్తుందా అన్నది ఆయన వాదన. అది కొట్టిపారేసే వాదన కాదు, ఊళ్ళో సగంమందికి నచ్చింది కూడా. వచ్చే ఆదివారం సభలో ఓటు పెట్టారు.

సోమవారం ఉదయం దోసిండా రొట్టెల బండి దగ్గర నిలబడి ఉంటే ఎర్మితాస్ వచ్చింది. పక్కింటి విధవరాలు, డెబ్బై తొమ్మిదేళ్ళు.

"ఏమే దోసిండా, మనిద్దరం చచ్చిపోయామంట, నీకు తెలుసా?"

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. సంఘం గోడ మీద అంటించారు. వెళ్ళి చూసుకో. నేనైతే రెండుసార్లు చదివాను, నా పేరు రెండుసార్లూ లేదు."

గోడ మీద ఓటర్ల కొత్త జాబితా ఉంది. నూట ముప్ఫై ఇళ్ళు. తీసేసిన ఐదిళ్ళ పేర్లు కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. కారణం: కమిటీ తనిఖీలో పొగ కనిపించలేదు. ఐదుగురిలో నలుగురు ఒంటరి ఆడవాళ్ళు. ఐదుగురూ కంపెనీ మాటెత్తితే మొహం తిప్పుకునేవాళ్ళే. అభ్యంతరాలు శనివారం సాయంత్రం లోపల కార్యదర్శికి ఇవ్వాలని రాసుంది.

దోసిండా నేరుగా సెకుందినో షెడ్డుకి వెళ్ళింది. ఆయన ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె బూట్లతోనే మాట్లాడింది.

"ఏవయ్యా సెకుందినో, నా పేరేదీ?"

"ఏ పేరు?"

"బళ్ళో నా పక్కన కూర్చుని, నీ పలక మీద కూడా రాసుకుని దెబ్బలు తిన్న పేరు."

బూట్లు ముందు కదిలాయి. తర్వాత మనిషి బయటికి జారాడు.

"చూడు దోసిండా, కమిటీ తిరిగింది. నీ ఇంటి మీద పొగ లేదు. పొగ ఎక్కణ్ణించొస్తుంది, పొగగొట్టమే పెరట్లో పడుంది."

"జనవరి గాలివానకి కూలింది. ఊరంతా చూసింది. మేస్త్రీ సెప్టెంబరుకి గానీ రానన్నాడు. అప్పటిదాకా గ్యాసు మీద వండుకుంటున్నా."

"గ్యాసుకి పొగ ఉంటుందా?"

"కరెంటు బిల్లు తెస్తా. నీళ్ళ బిల్లు తెస్తా."

"ఆహా. మూడేళ్ళ కిందట సభలో లేచి, బిల్లు ఎవడైనా తెస్తాడు, పొగ చూపించినవాడికే ఓటు అని బల్ల గుద్దిందెవరు?"

గుద్దింది ఆమే. విగోలో ఫ్లాట్లు కొనుక్కుని, ఊరి ఇంటికి తాళం వేసి, ఓటు రోజు మాత్రం కార్లలో దిగేవాళ్ళని వదిలించుకోడానికి గుద్దింది. ఆ రోజు పదకొండిళ్ళు జాబితాలోంచి పోయాయి. సెకుందినో అప్పుడు ఆమె వెనకే చేయెత్తాడు.

"నేనే గుద్దాను," అంది దోసిండా.

"మరి?"

"ఇప్పుడూ గుద్దుతా. నీకు పొగ కావాలి, అంతేగా?"

"నాక్కాదమ్మా. నియమావళికి." ఆయన చేతులు గుడ్డకి తుడుచుకుని గొంతు తగ్గించాడు. "చూడు, ఈ వయసులో నీకెందుకీ గొడవ? కంపెనీ వస్తే నీకు పని ఖాయం, నేను మాట్లాడాను. యూనిఫారం ఇస్తారు. గొడుగు కింద కుర్చీ. వంగి మొక్కలు పీకే చాకిరీ తప్పుతుంది."

"కుర్చీలో కూర్చుని ఏం చెయ్యాలి?"

"టికెట్లు చింపాలి."

"అంటే మా అమ్మ లాకప్పులో కూర్చున్న కొండకి నేను టికెట్టు చింపాలి."

"నువ్వు ప్రతిదానికీ మీ అమ్మనే తెస్తావేంటి?"

"నీ దగ్గర అంతకంటే మంచి మనిషి పేరేదైనా ఉంటే చెప్పు, దాన్నే తెస్తా," అని ఆమె వెళ్ళిపోయింది. పోతూ పోతూ ట్రాక్టరు వెనక చక్రానికి ఒక నట్టు తక్కువుందని చెప్పింది. అది నిజమే.

మంగళ, బుధవారాలు ఆమె మామూలుగానే పనికెళ్ళింది. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టింది.

ఆమె ఇల్లు తాతలనాటి రాతి ఇల్లు. వంటగదిలో మోకాలెత్తు రాతి పొయ్యి ఉంది. పొగగొట్టం ఆమె తండ్రి కట్టించింది. అంతకుముందు ఆ ఊళ్ళో ఏ ఇంటికీ పొగగొట్టం లేదు. పొగ గదిలో తిరిగి తిరిగి, పెంకుల సందుల్లోంచి తనే దారి వెతుక్కుని పోయేది. దూలాల నలుపు ఇప్పటికీ చేతికంటుతుంది. పొగగొట్టం కూలిన కంతకి ఆమె రేకు కొట్టించింది. మిగతా కప్పంతా పాత పెంకులే.

దోసిండా పొయ్యి చుట్టూ నాలుగడుగుల మేర ఊడ్చింది. రెండు బకెట్ల నీళ్ళు, ఒక తడి దుప్పటి పక్కన పెట్టుకుంది. అడుగున ఎండు ఓక్ కట్టెలు, పైన పచ్చి బే ఆకు కొమ్మలు, వాటి మీద చెమ్మగిల్లిన ఫెర్న్ ఆకులు వేసింది. గొలుసుకి కుండ తగిలించింది. కుండలో ఆకుకూర, బంగాళాదుంపలు, చిక్కుడు గింజలు, ఒక పంది ఎముక. నాలుగింటికి అగ్గిపుల్ల గీసింది.

పొగ ముందు పైకి పోయి దూలాల దగ్గర ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. మనిషి మెడ దాకా దిగి అక్కడ నిలబడింది. దోసిండా అమ్మమ్మ పీట మీద కూర్చుంది. జానెడు ఎత్తు పీట. దాని మీద కూర్చుంటే తల చుట్టూ గాలి శుభ్రంగానే ఉంది. అంత పొట్టి పీట ఎందుకు చేయించుకున్నారో ఆమెకి ఆ రోజు తెలిసింది. కత్తి తీసుకుని వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంది.

బయటినించి చూసినవాళ్ళకి కథ వేరు. ఒక్క చోటునుంచి కాదు, కప్పు మొత్తం నుంచి, ప్రతి పెంకు కిందినుంచీ పొగ వచ్చింది. అడవులు అంటుకునే ఆగస్టులో లమెయిరాలో అలాంటిది కనిపిస్తే ఎవరూ ఆగి ఆలోచించరు. ఎర్మితాస్ తోట నీళ్ళగొట్టం లాక్కొచ్చింది. ఎదురింటివాళ్ళు బకెట్లు తెచ్చారు. నాలుగూ ఆరుకి కొండ మీది కాపలా బురుజులోంచి ఎలాడియో చూశాడు. నాలుగూ పదిహేడుకి అగ్నిమాపక దళం బండ్లు రెండు వాకిట్లో ఆగాయి.

దళం నాయకుడు బ్రాయిస్ ముప్ఫై ఏళ్ళవాడు. కొండ అంటుకున్నప్పుడల్లా దోసిండా పక్కన నిలబడి పనిచేసినవాడు. గుమ్మంలోంచి అరిచాడు.

"లోపలెవరున్నారు?"

"నేనే బాబూ. తలుపు తీసే ఉంది. వంగి రా, నిలబడితే దగ్గొస్తుంది."

అతను మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. ముసుగు వెనక కళ్ళు పెద్దవయ్యాయి.

"దోసిండా గారూ, బయటికి రండి. ఇల్లు కాలుతోంది."

"ఏది కాలుతోందో చూపించు."

అతను టార్చి తిప్పాడు. దూలాలు, గోడలు, మంచం, పొయ్యి. పొయ్యి మీద కుండ.

"చారు," అంది దోసిండా. "ఉప్పు ఇంకా వెయ్యలేదు."

"పొగగొట్టం లేకుండా పొయ్యి ఎవరైనా వెలిగిస్తారా?"

"మా అమ్మమ్మ వెలిగించింది. తొంభై ఒకటి దాకా బతికింది. మెట్ల మీంచి పడిపోయి పోయింది గానీ పొగవల్ల కాదు."

"ముందు బయటికి రండి. తర్వాత మాట్లాడుకుందాం."

"రాను. నా ఇల్లు. ఇంట్లో వంట చేసుకోకూడదని చట్టంలో ఎక్కడుందో చెప్పు, ఆర్పేస్తా."

చట్టంలో అలా లేదని బ్రాయిస్‌కి తెలుసు. ముసుగు తీసి, దగ్గి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నేను రిపోర్టు రాయాలి, మీకు తెలుసుగా?"

"తెలుసు. నువ్వు రాస్తావనే కూర్చున్నా. ఇల్లుందని రాయి. పొగుందని రాయి. అందులో నేనున్నానని రాయి."

"మీరు చెప్పింది నేను రాయను. చూసింది రాస్తా."

"అదే కావాలి నాకు."

విషయం అప్పుడర్థమైంది అతనికి. జాబితా సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. నవ్వలేదు. బయటికి నడిచి, బండి బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. రాసి, ఆమె గుమ్మంలోకి వచ్చాక అన్నాడు:

"పన్నెండుమంది మనుషులం, రెండు బండ్లు. ఈ పావుగంటలో అవతలి కొండ అంటుకుంటే ఎవరు పోయేవాళ్ళు? మీరు వేరేవాళ్ళకి చెప్పే మాట ఇది."

దోసిండా బండ్ల వైపు, వాటి పక్కన నిలబడ్డవాళ్ళ వైపు చూసింది.

"నిజమే," అంది. "మళ్ళీ చెయ్యను."

అతను నకలు కాగితం చింపి ఇచ్చాడు. అందులో నాలుగు వాక్యాలున్నాయి. నివాస గృహం. వంటగది పొయ్యి నుంచి అధికంగా పొగ, మంటలు వ్యాపించే ప్రమాదం లేదు. ఇంటి యజమానురాలు లోపలే ఉన్నారు. బయటకు రమ్మని రెండుసార్లు కోరగా నిరాకరించారు.

శుక్రవారం ఆమె ఆ కాగితం సంఘం కార్యదర్శి సబేలా బల్ల మీద పెట్టింది. సబేలా లెక్కల మాస్టారమ్మ, ఎవరి పక్షమూ కాదు. చదివి, కళ్ళద్దాలు తీసింది.

"నిరాకరించారు అని రాశాడే."

"దానికే ఎక్కువ సంతోషం నాకు. కమిటీ తనిఖీ కాగితం కూడా చూపించమ్మా, చూసే హక్కుందిగా."

ఉంది. సబేలా తీసి ఇచ్చింది. సెకుందినోతో కలిపి ముగ్గురు సభ్యుల సంతకాలు, ఐదిళ్ళ పేర్లు. తనిఖీ చేసినది ఫిబ్రవరి పద్నాలుగు, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు. దోసిండా వేలు తేదీ మీద ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం రొట్టెల పూరాని పాతిపెట్టారు. నలభై ఏళ్ళు ఊరంతటికీ రొట్టె కాల్చిన మనిషి. వానలో గొడుగులతో ఊరు ఊరంతా శ్మశానంలో ఉంది. ఒంటరిగా బతికే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, తలుపు వేసి వెళ్ళారు. లమెయిరాలో పెళ్ళి ఎగ్గొట్టినవాణ్ణి మర్చిపోతారు. చావు ఎగ్గొట్టినవాణ్ణి మర్చిపోరు.

"దీనికి నకలు కావాలి," అంది దోసిండా.

మిగతా నలుగురి సంగతి ఇంకా తేలలేదు. వాళ్ళ పొగగొట్టాలు నిలబడే ఉన్నాయి, కానీ పొగ వచ్చిందని రాసిచ్చేవాళ్ళు కావాలి. ఎర్మితాస్ ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఆ బ్రాయిస్ పిల్లాడికే చేస్తా. మా ఇంట్లో కూడా పొగొస్తోందని."

"ఆ నంబరు ముట్టుకోకు," అంది దోసిండా. "రేపు నిజంగా కాలితే ఎవరొస్తారు?"

"నువ్వు మాత్రం చేయించుకోవచ్చా?"

"నేను చేసింది తప్పు. నువ్వు కూడా చెయ్యక్కర్లేదు."

ఆమె కొండ ఎక్కి బురుజు కిందికి వెళ్ళింది. బురుజులో రోజంతా ఎలాడియో ఒక్కడే ఉంటాడు. దూరదర్శిని, రేడియో, ఒక పెద్ద దస్త్రం. కనిపించిన ప్రతి పొగా ఏ గంటకి, ఏ దిక్కున, ఏ రంగులో అని అందులో రాయాలి. అది సర్కారు దస్త్రం.

"రేపు పన్నెండింటి నుంచి గంటన్నర లోపల ఊళ్ళో నాలుగు పొగలొస్తాయి," అందామె కింద నుంచి. "మంచి పొగలు. భయపడకు."

"నాకేమైనా హాజరు పట్టీ అప్పజెప్పారా ఎవరైనా?" అన్నాడు ఎలాడియో పై నుంచి.

"కనిపించిన పొగ రాయడం నీ ఉద్యోగమా కాదా?"

"నిన్నటి నీ పొగ చూసి నా గుండె ఆగినంత పనైంది తెలుసా?"

"ఉద్యోగమా కాదా?"

"ఉద్యోగమే."

"మరి రాయి. ఎవరి ఇల్లో కూడా రాయి. నీకు తెలియని ఇల్లుందా ఊళ్ళో?"

శనివారం పన్నెండూ పదికి ఎర్మితాస్ ఇంటి మీద సన్నటి తెల్ల పొగ లేచింది. ఆవిడ చర్చికి వేసుకునే నల్ల గౌను వేసుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని, దారిన పోయే ప్రతివాడికీ పైకి చూడమని చెప్పింది. పన్నెండున్నరకి రెండోది. ఒంటిగంటకి మూడోది. నాలుగోది ఒకటీ పాతికకి, కట్టెలు తడిసి ఆలస్యమైంది. సాయంత్రం ఎలాడియో దస్త్రంలోని పేజీ నకలు తీసి, ముద్ర వేయించి, సైకిలు మీద తెచ్చి సబేలాకి ఇచ్చాడు. గడువుకి ఇంకా నలభై నిమిషాలుంది.

ఆదివారం పదకొండింటికి సంఘం హాలు నిండిపోయింది. కిటికీల్లో కూడా కూర్చున్నారు. సెకుందినో ముందుగా జాబితా సంగతి ఎత్తాడు.

"అభ్యంతరాలు వచ్చాయి. కానీ నాకొక సందేహం. ఇల్లు తగలబడుతోందని బండ్లొచ్చాయి. అది కాపురం కిందికి వస్తుందా, ప్రమాదం కిందికి వస్తుందా?"

దోసిండా లేచింది. రిపోర్టు చదివింది. చివరి వాక్యం చదివేసరికి వెనక బెంచీల్లో నవ్వులు.

"ప్రమాదమైతే మనిషి బయటికి పరిగెడుతుంది," అందామె. "రమ్మన్నా రాకపోతే దాన్నేమంటారో నువ్వే చెప్పు."

"నువ్వు మొండిదానివని అంటారు."

"అది కొత్త సంగతేం కాదు. ఇప్పుడు నేనొకటి అడుగుతా. మీ కమిటీ పొగ చూడ్డానికి ఎప్పుడు తిరిగింది?"

"ఫిబ్రవరిలో."

"ఫిబ్రవరిలో ఏ రోజు?"

సెకుందినో కాగితం వెతుకుతున్నట్టు నటించాడు. దోసిండా తన నకలు సబేలాకి ఇచ్చింది. సబేలా ఉన్నదున్నట్టు చదివింది. పద్నాలుగు, మూడున్నర నుంచి ఐదు.

హాల్లో కొందరు తేదీ లెక్కపెట్టుకున్నారు. తర్వాత ఎర్మితాస్ గొంతు వినిపించింది.

"పూరాని పాతిపెట్టిన రోజా?"

ఎవరో "అవును, అదే" అన్నారు. ఇంకెవరో "వానలో" అన్నారు. మూడో బెంచీలోంచి, కంపెనీ రావాలని మొదట్నుంచీ అంటున్న మాంసం కొట్టు కసాయి లేచాడు.

"సెకుందినో, నువ్వు పూరా చావుకి రాలేదా?"

"పొద్దున ఇంటికెళ్ళి చూసొచ్చాను. దండ పంపించాను."

"శ్మశానానికి రాలేదు. మేమందరం అక్కడ నిలబడి ఉంటే నువ్వు మా ఇళ్ళ మీద పొగ లెక్కపెట్టావు."

ఆ మాట తర్వాత వాదన సాగలేదు. ఐదిళ్ళూ తిరిగి జాబితాలో చేరాలన్నవాళ్ళని చేతులెత్తమంది సబేలా. ఎత్తనివాళ్ళని లెక్కపెట్టడం తేలికైంది. తొమ్మిదిమంది.

లీజు ఓటు మాత్రం చీటీల మీద జరిగింది. ముందు సెకుందినో డాక్టరు గది గురించి, గొట్టం గురించి మళ్ళీ చెప్పాడు. బాగా చెప్పాడు. ఓక్ మొక్కలు ఇంకోచోట నాటుకోవచ్చన్నాడు. దోసిండాని మాట్లాడమన్నారు.

"చెప్పేదేం లేదు. ఎక్కి చూడనివాళ్ళెవరైనా ఉంటే ఓటు వేసే ముందు ఎక్కి చూసి రండి. కంచె లేదు, టికెట్టు లేదు. ఈ పూటకైతే లేదు."

ఎవరూ వెళ్ళలేదు. అందరూ చూసినదే. చీటీలు డబ్బాలో పడ్డాయి. సబేలా రెండుసార్లు లెక్కపెట్టింది, రెండోసారి కసాయిని పక్కన నిలబెట్టుకుని. లీజుకి అనుకూలం అరవై ఆరు. వ్యతిరేకం అరవై తొమ్మిది.

జనం బయటికి వస్తుంటే సెకుందినో తలుపు దగ్గర దోసిండాని ఆపాడు. మొహంలో కోపం ఉంది గానీ, చిన్నప్పట్నుంచీ తెలిసిన మనిషి మీద ఉండే కోపం అది.

"జనవరిలో మళ్ళీ జాబితా తిరగేస్తాం. కంపెనీ కూడా మళ్ళీ వస్తుంది. ఇక్కడితో అయిపోయిందనుకోకు."

"అనుకోలేదు. తిరిగే కమిటీలో ఎంతమంది?"

"ముగ్గురు. కొత్త కమిటీని డిసెంబరులో ఎన్నుకోవాలి. ఎందుకు?"

"పేర్లు ఎవరి దగ్గర ఇవ్వాలి?"

ఆయన తలుపు దాటి వెళ్ళిపోయాడు. సబేలా దగ్గర ఇవ్వాలని అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం హాలు తాళం వేసే లోపల రెండు పేర్లు నమోదయ్యాయి. మొదటిది దోసిండా రియాల్, కొండ దండు కార్మికురాలు, అరవై ఒకటి. రెండోది ఎర్మితాస్, వృత్తి లేదు, డెబ్బై తొమ్మిది.